నాడె పోలండు మీద ఉన్నది

సొసైటీ ఆఫీసుల గుమస్తా భిక్షమయ్య
నా దర్రీని చుట్టచుట్టి గోనెల కుట్టి
మీద చీటి అతికిస్తుంటె అడిగిన:
ఇది పోయే ఊరు ఎంత దూరం?

హాంబర్గ్, అన్నడు,
నోట్ల ఉడుకుడుకు ముద్ద ఉన్నట్టు.
ఫోనుల వేలు పెట్టి చూసి చెప్పిండు:
హైదరాబాదుల ఎక్కి, దోహాల దిగి, మళ్ల ఎక్కితె
అంత కలిసి పదిహేను గంటలు.
పిట్ట పోయినట్టు గీత గీస్తె ఏడువేల కిలోమీటర్లు.

పదిహేను గంటలు!
పోగు పోగుకు నేను అచ్చు అతికేసరికె
అంతకన్న ఎక్కువ పడుతది.

ఇంటికొచ్చి గుంటల కాళ్లు పెట్టిన గని
చెయ్యి ఆడలె, లెక్క ఆడింది.
నాలుగడుగుల పన్న.
ఈ చేతి నుంచి ఆ చేతికి నాడె ఉరికితె నాలుగడుగులు.
ఒక దర్రీ తెగేవరకు కిలోమీటరుంబావు.
లచ్చవ్వ కండెలు చుట్టుకుంటనే సరిచూసింది,
ఆమెకు నాకన్న ఎక్కాలు బాగొస్తయి.
జరాలు, పండుగలు, నూలు రాని నెలలు పోను
ఏడాదికి రెండువందల దర్రీలు.
అంటె హాంబర్గు పోవాలంటె నా నాడెకు
ఇరవై ఎనిమిదేండ్లు.

ఇద్దరం కాసేపు మాట్లాడలె.

ఎందుకంటె నేను గుంటల దిగి ముప్ఫై ఒక్కేడు.

మా లగ్గం నాటికి అది గుజరాతు దాటలె.
నాయన పోయిన్నాడు ఇరాను కొండల మీద ఉండె.
వాన నీళ్లు గుంటల నిండి మగ్గం తేలిన ఏడు
నల్లసముద్రం మీద.
మూడేండ్ల కింద నాకు చెప్పకుంటనే చేరింది,
ఎవలూ ఎదురు రాలేదేమో,
అదే ఊపుల వెనక్కి మళ్లింది.
పక్కింటి పిల్లగాని అట్లాసుల జాన పెట్టి కొలిచి
లచ్చవ్వ అన్నది: ఇప్పుడు పోలండు మీద ఉన్నది.
పోలండుల ఏముంటదో మాకు తెల్వది.
చలి ఉంటదని అనుకున్నం.

నిరుడు ఒక దర్రీ వాపసొచ్చింది.
ముప్పావు అంగుళం తక్కువున్నదట.
ముప్పావు అంగుళానికి
పోను ఏడువేలు, రాను ఏడువేలు.
మామునూరుల విమానం దిగుతదని
చిన్నప్పటి సంది ఇంటున్నం గని
మా ఇంట్ల విమానమెక్కింది అదొక్కటే.
దాని పైసలు నా కూలిల కోసుకొని
భిక్షమయ్య నాకే ఇచ్చిండు.
గోనె విప్పితె కొత్త వాసన,
రంగుది కాదు, నూలుది కాదు,
సబ్బుకు, చల్లటి ఇనుముకు నడిమిది.
లచ్చవ్వ ముక్కు ఆనిచ్చి చూసి
ఎవలో దీని మీద ఉత్త కాళ్లతోని నడిచిన్రు, అన్నది.
ఎట్ల తెలిసిందో నేనడగలె.
ఉతకనియ్యలె, ఎండకు సుత ఎయ్యనియ్యలె.

నాలుగు మడతలేసి
గుంట అంచు మీద ఇప్పుడు దాని మీదనే కూసుంటున్న.

ఇంటికి ఇంక ఆరువేల రెండువందల యాభై.
ఇరవై అయిదేండ్లు.
నాకు వచ్చేటేడు యాభై నిండుతయి,
ఎడమ మోకాలు అప్పుడే ముందు పోయింది.
ఈ లెక్క లచ్చవ్వ చెయ్యలె.
చేసే ఉంటది, చెప్పలె.
కండె పెట్టి, నాడె కన్నంల పోగును
నోటితోని పీల్చి బయటికి తీసి
నా చేతిల పెట్టింది.

పొద్దుగూకేలోపు
ఇంకో పావు కిలోమీటరు నడిపియ్యి, అన్నది,
ఆడ చలంటివి గదా.