పేరు పోయిన జాగ

పోచమ్మమైదాన్ కాడ మెట్ల కింద నా దుకాణం.
నిటారుగ నిలబడితే నెత్తి తగుల్తది.
అందుకే వచ్చినోళ్లంత
ఏదో తప్పు చేసినట్టు వంగే వస్తరు.
చానమంది చేసే వస్తరు.

శ్రావణంల ముసురు పట్టిన పొద్దు
చిప్ప సాంబమూర్తి వచ్చిండు.
కొత్తవాడ మనిషి, గోర్ల సందుల ఇంక నీలిరంగు పోలే.
జంపఖానా ముక్కల చుట్టి
హార్డ్ డిస్క్ తెచ్చిండు,
కోడిగుడ్డు తెచ్చినట్టు.

"రెండువందల పన్నెండు డిజైన్లు బిడ్డా.
మా పెద్దోళ్లు గళ్లకాయిదం మీద గీసినయి.
చెదలు పడ్తున్నయని
కోడలు ఒక్కొక్కటి స్కాన్ చేసి పెట్టింది.
మనుమడు ఆటకు జాగ చాల్తలేదని
ఒక్క దెబ్బకు తీసిండు.
చెత్తబుట్ట గూడ ఊడ్చిండట,
శుభ్రం నేర్పింది మేమేనాయె."

నవ్విండు. నేను నవ్వలే.
"పోయినంక దాని మీద ఏమన్న రాసినరా?"
"లే. కరెంటు తీగ గూడ పీకేసిన.
ఇంట్ల ఎవ్వరిని దగ్గరికి పోనియ్యలే."

అప్పుడు చెప్పిన, అందరికి చెప్పేదే:
తీసేసుడంటే తీసేసుడు కాదు కాకా.
ఇంటి మీది పేరు చెరుపుతది, గంతే.
లోపలి మనుషులు అట్లనే కూసుంటరు,
పొయ్యి మీద అన్నం ఉడుకుతనే ఉంటది,
కొత్తోళ్లు వచ్చి సామాను దించేదాక.

ఆయన చానసేపు ఊకున్నడు.
"పేరు పోయిన మగ్గాలు
మా గల్లీల గూడ ఉన్నయి," అన్నడు.

నాలుగు శాతం. నాలుగే. మళ్ల నాలుగే.
కరెంటు పోయింది. ఇన్వర్టర్ కుయ్యిమంటే
ఇద్దరం ఊపిరి బిగబట్టినం.
ఆయన వేళ్లు బల్ల మీద
లేని పేకను కొట్టుకుంట కూసున్నయి.

పొద్దుగూకేటాలకు ఒక్కొక్కటి లేచినయి,
పేర్లు లేకుండ.
ఫైల్ ఒకటి, ఫైల్ రెండు, ఫైల్ నూటనాలుగు.
హాస్టల్ పిల్లల హాజరు లెక్క.

"ఇది నెమలికన్ను. ఇది రైలుపట్టాలు.
ఇది మా చిన్నాయిన పెండ్లేడు పుట్టింది,
ఇరవై ఏండ్లాయె ఎవ్వలడుగక.
ఇది..." ఆగిండు.
కింది సగం ఉత్త బూడిదరంగు.
"ఉండనీ. పై సగం చూస్తే
కింది సగం నా చేతికి తెలుస్తది."
అంత నమ్మకం లేదేమో,
అద్దాలు తీసి తుడుచుకున్నడు.

నూటతొంభై దాటినంక
డిజైన్ కానిదొకటి లేచింది.
టైపు చేసిన కాయిదం, కింద ఆయన సంతకం:
నాలుగు మగ్గాలు, పన్నెలతో సహా,
తూకం లెక్కన అమ్ముటకు సమ్మతి.

తెర పక్కకు తిప్పబోయిన.
నా పనిల కష్టం గిదే.
పోగొట్టుకున్నది, పారేసుకున్నది
డిస్కుకు రెండూ ఒక్కటే.
ఒకసారి ఒక టీచరమ్మకు
పిల్లల మార్కులు వెతికితే
రాజీనామా ఉత్తరాలు పదకొండు లేచినయి,
ఒక్కటీ పంపనియి.

"చూసినవా?"
"చూసిన."
"ఇంట్ల తెల్వదు. మూడేండ్లాయె.
రాసిన రాత్రే తీసేసిన. తీసేసిన్ననుకున్న.
మళ్ల తీసెయ్యి బిడ్డా."
"తీస్తే మళ్ల పేరే పోతది కాకా.
నిజంగ పోవాలంటే
దాని మీద ఇంకోటి రాయాలె."

అన్నీ కొత్త డిస్కుల పోసినంక
జంపఖానా ముక్క విప్పి పరిచిండు.
అంచుకు ఒక పువ్వు, నేను ఎన్నడు చూడనిది.
"మొన్ననే నేసిన. దీన్ని ఫొటో తీయ్.
ఆ కాయిదం జాగల పెట్టు."

జాగ చూసి పెట్టుడు నా చేతుల లేదు,
డిస్క్ తనకిష్టమున్న కాడ పెట్టుకుంటది.
చెప్పలే.
ముసురు వెల్తుర్ల రెండుసార్లు తీసిన,
మొదటిసారి చెయ్యి వణికింది.

"పేరేం పెట్టాలె?"
"రేపు చెప్త," అని లేచిండు.
పోయేటప్పుడు వంగుడు మరిచిండు.
మెట్టు ఠప్పుమంది.