నలభై రెండో లారీ

మిర్యాలగూడల వరికోతల రాత్రి.
ఎడమ కాలువ కింది వడ్లన్నీ ఒక్కపాలె వచ్చి
వేములపల్లి రోడ్డు మీద బారు గట్టినయి.
కాంటా రూముల తెర మళ్ల బిగుసుకపోయింది.

"నిన్న గూడ నలభై రెండో బండే మేడం"
గుమాస్తా అనంతరాములు నోటుబుక్కు తిప్పి చూపిచ్చిండు.
మొన్నటి గీతలు, నిన్నటి గీతలు,
అన్నీ నలభై ఒకటి కాడ ఆగినయి.

కాంటా ప్రోగ్రాం పాతది. విండోస్ కోసం పుట్టింది.
ఇప్పుడున్న మిషిని లినక్స్.
నడుమ ఒక దుబాసీ కూసొని
నువ్వు మీ ఇంట్లనే ఉన్నవని
దాన్ని పొద్దంత నమ్మిస్తుంటది.

తప్పు దొరకక బయటికొచ్చిన.
బస్తాల చాటున హమాలీలు ఛాయ్ తాగుతున్నరు.
మట్టపల్లి కుడిజేబుల బీడికట్ట.
జానిమియా కుడిజేబుల బిడ్డ మందుల చీటి.
కుడిజేబంటే అందరికీ ఒకటే చోటు,
లోపలిది మాత్రం ఎవలది వాళ్లదే.

థ్రెడ్డుకు గూడ గంతే.
పని కలిసి చేస్తది, జేబు సొంతం.

అప్పుడు యాదికొచ్చింది జేబుల లెక్క.
ఈ దుబాసీ కుట్టిన అంగీకి అరవై నాలుగే.
పొద్దుగాల తెరవంగనే ప్రోగ్రాం ఇరవై మూడు పట్టుకుంటది.
ఇగ మిగిలినయి...
ఏళ్ల మీద లెక్కబెట్టుకుంట లోపలికి ఉరికిన.

దొంగ దొరికిండు: డ్రైవరు.
స్టీరింగు పట్టేటోడు కాదు,
తూకం చీటి ముద్రించే ప్రోగ్రాం ముక్క.
లారీ లారీకి లేచొచ్చి ఒక జేబు అడుగుతది,
చీటి కొట్టి ఎల్లిపోతది,
జేబు వాపసియ్యదు.
వాటిల్ల ఏమీ లేదు. అయినా నిండినట్టే లెక్క.

నలభై రెండోసారి అడిగితే
లేదని నిజమే చెప్పింది దుబాసీ.
లేదన్న మాట వినుడు
దానికి ఎవలూ నేర్పలే.

రాసిన కంపెనీ ఎన్నడో మూతబడ్డది.
దాన్ని మార్చలేను, పోకుండ ఆపగలను.
ఒక్క వరుస రాసిన:
పొద్దుగాల వచ్చినవా, ఇగ లేవకు,
ఆ ఒక్క జేబుతోనే రాత్రి దాక ఉండు.

"ఏమైందమ్మా?" మట్టపల్లి కిటికీల తల పెట్టిండు.
జేబులు అయిపోయినయన్న.
చినిగిన జేబుల నుంచి ఏలు బయటికి పెట్టి ఆడిచ్చిండు.
"నాకున్నదొక్కటే, గదీ గిట్లైంది.
నేనేమన్న ఆగిన్నా?"

నలభై రెండో లారీ కాంటా ఎక్కింది.
ఇనుప పలక కిర్రుమంది, అంకెలు ఊగి నిలబడ్డయి.
చీటి బయటికొచ్చింది.
అనంతరాములు నన్ను చూడలే.
పెన్ను ఒత్తిపట్టి
గీత గీసిండు.