గీత చెరిపే పని

మూడేళ్ల క్రితం డన్‌లీ వీధిలో
ఈ గీత గీసింది నేనే.
అక్టోబరు, టొరొంటో చలి.
రంగు గడ్డకట్టకుండా ట్యాంకు కింద మంట పెట్టుకుని
మనిషి నడక వేగంతో బండి నడిపాను.
తెస్ఫాయ్ ముందు నడుస్తూ సుద్ద దారం కొట్టేవాడు.
"వంకర పోయిందా ఒస్వాల్డో,
మనం పోయాక కూడా కనిపిస్తుంది."
పోలేదు.

ఈ రాత్రి దాన్నే గీకెయ్యమని కాగితం వచ్చింది.
కారణం అన్న గడిలో ఒక్క మాట: రద్దీ.
వాళ్ల లెక్కలో కార్లకు మిగిలేది
రెండు నిమిషాల పది సెకన్లు.
ఆ పాటి టైములో నాకు
బూట్ల లేసులు కట్టుకోవడం కూడా అవదు,
మోకాళ్లు అలాంటివి.

పదింటికి మెషీను దించేసరికి వాళ్లు అక్కడున్నారు.
నినాదాలు లేవు. సాయంత్రమే సిటీ హాలు ముందు
గొంతులు పోగొట్టుకున్నట్టున్నారు.
గీత పొడవునా సైకిళ్లు పడుకోబెట్టి
ఆలస్యమైన రైలు కోసం కూర్చున్నట్టు కూర్చున్నారు.

ఆసుపత్రి యూనిఫాం మీద కోటు వేసుకున్న రోవెనా
"పదకొండుకి వార్డులో ఉండాలి,
అప్పటిదాకా ఉంటాను" అంది.
మూడు చక్రాల సైకిల్ మీద ఎవ్గేని, బుట్టలో ఉల్లిపాయలు.
"కారు వద్దన్నారు, కళ్లు ఆనవని.
నడక వద్దంది నడుము.
ఇక మిగిలింది ఇదొక్కటే."
తిండి డబ్బాలు మోసే కుర్రాడు
ఫోను మోగితే ఆపేశాడు, మళ్లీ మోగితే మళ్లీ ఆపేశాడు,
మూడోసారి లేచి వెళ్లిపోయాడు.
వెళ్లింది మాత్రం గీత లోపలే.

ఎదురుగా తలుపుల కొట్టు డ్యురాన్,
సరుకు లారీ ఆపే చోటు లేదని మూడేళ్లుగా తిడుతున్నవాడు,
బయటికొచ్చి కాసేపు నిలబడి
"తియ్యమన్నాను, నిజమే.
ఇలా రాత్రిపూట దొంగల్లా తీస్తారనుకోలేదు" అని
షట్టరు దించుకున్నాడు.

మూల మీద స్తంభానికి ఒక సైకిల్ గొలుసుతో కట్టి ఉంది.
టైర్ల నుంచి గంట దాకా తెలుపు.
గీత లేని రోజుల్లో అక్కడ పడిపోయిన పిల్ల, ఓర్లా,
పందొమ్మిదేళ్లు.
ఆ తెల్లరంగు మా డిపోదే.
వాళ్లమ్మ వచ్చి అడిగితే
అర డబ్బా ఇచ్చాను, రిజిస్టరులో రాయకుండా.
ఈ రాత్రి మేరెడ్ నన్ను గుర్తుపట్టింది.
ఏమీ అనలేదు. నా చేతి తొడుగుల వైపు చూసింది.
ఏమైనా అని ఉంటే బావుండేది.

కాగితం మళ్లీ చదివాను.
గీత అని ఉంది.
స్తంభం అని లేదు. సైకిల్ అని లేదు.

పోలీసులు వచ్చి మర్యాదగానే లేపారు.
ఒకటిన్నరకి మొదలుపెట్టాను.
గ్రైండరు పళ్ల కింద రంగు పొట్టు పొట్టుగా లేచింది.
గీసేటప్పుడు చప్పుడే లేదు,
చెరిపేటప్పుడు వీధి వీధంతా దీపాలు వేసుకుంది.
రాసినవాడి చేతనే రాత చెరిపించే పెద్దమనుషుల ఇళ్లు
ఇంకెక్కడో, వినపడనంత దూరంలో ఉన్నాయి.

తెల్లవారుజామున వాన.
మా పనివాళ్లకు తప్ప తెలియని సంగతి ఒకటి చెప్తాను:
గీకిన చోట తారు గరుకుబారి
పక్కదానితో కలవదు.
తడిస్తే, వీధి దీపం వాలుగా పడితే,
గీత మొత్తం మళ్లీ బయటపడుతుంది
తల నుంచి తోక దాకా.
చూశాను. వంకర లేదు.

ఏడున్నరకు డ్యూటీ దిగి రోవెనా వచ్చింది.
వెనక ఒక కారు హారన్ కొట్టింది, దాని వెనక ఇంకోటి.
ఆమె ఆ మచ్చ లోపలే, అంచు దాటకుండా,
తొందరేమీ లేనట్టు తొక్కుకుంటూ పోయింది.
వ్యాను అద్దంలో చూశాను, మలుపు దాకా.

ఒళ్లో కాగితం.
పని పూర్తయిందా అన్న గడి ఇంకా ఖాళీయే.
వానకి పెన్ను పనిచెయ్యలేదని చెప్తాను.