తట్టి చూసే పని

చిత్తూరు నుంచి పుత్తూరు పోయే దారిలో
మామిడి గుజ్జు ఫ్యాక్టరీ.
వెనక గోడౌన్లో డబ్బాల్ని తట్టడం నా పని.
చేతిలో జానెడు ఇనప పుల్ల,
ఎదురుగా మూడు కిలోల డబ్బాలు, వరసకు నలభై.
సీలు వేసినాక కొన్నాళ్లు వెచ్చగా ఊరకుండనిచ్చి
ఆనక ఒక్కొక్కటీ తట్టి వినాల.

మంచి డబ్బా గట్టిగా, పొట్టిగా పలుకుతుంది.
లోపల పులిసింది మాత్రం
జాతరలో వానకు నానిన పలక మాదిరి
బొద్దుగా మోగుతుంది.
పైకి తేడా తెలీదు.
అదే రేకు, అదే బొమ్మ, అదే తారీకు.
ఎనిమిదేండ్లుగా నా చెవి తప్పు చెప్పలేదు.

రాత్రి గ్యాసు ఆపినానా లేదా అని
మూడుసార్లు లేస్తాను.
ఆపే ఉంటుంది.
ఆపే ఉంటుందని నాకు తెలుసు.
అయినా చల్లటి నాబు మీద వేలు పెట్టి
చీకట్లో అట్లే నిలబడుకుంటాను.
మా ఆయన కదిలితే దప్పికయిందంటాను.
ఊర్లో నా అంత నీళ్లు తాగే ఆడది లేదని ఆయన లెక్క.

బస్సులో తలుపు పక్క సీటే కావాల.
ఫోను మోగి ఎత్తేలోపల
నా మనసులో ఎవరో ఒకరు చచ్చిపోయుంటారు.
ఎత్తితే రీఛార్జి కంపెనీ.
బిడ్డ స్కూలు నుంచి పది నిమిషాలు ఆలస్యమైతే
గాంధీ బొమ్మ తావ మలుపు తిరిగే లారీ,
దాని నెంబరు, డ్రైవరు మెడలో తుండుగుడ్డ రంగు
అన్నీ చూసేస్తాను.
బిడ్డ వస్తుంది. బూట్లు విసిరేస్తుంది. ఆకలంటుంది.
నవ్వుకుంటా సంగటి ముద్ద పక్కన ఊరిబిండి పెడతాను.
చెయ్యి వణికింది గిన్నెకు తెలుసు.

"రెడ్డెమ్మకేం, గుండ్రాయి" అంటారు అందరూ.
పెద్దాసుపత్రిలో గుండె కాగితం తీసినారు.
గీతలన్నీ బాగుండాయన్నారు.
కడుపు మాత్రలు రాసిచ్చినారు.

మొన్న జూన్లో
తోతాపురి లారీలు గేటు బయట మైలు పొడుగునా నిలబడిన రోజు
పక్క వరస తట్టతా తట్టతా ధనకోటక్క ఆగింది.
"ఏమ్మే, ఊపిరి యాడ పెట్టినావు?"
"ఏమక్కా?"
"పుల్ల ఎత్తినప్పుడు బిగబట్టతావు. దించినా వదలవు.
రెండేండ్లుగా చూస్తా ఉండా."

నేను బాగుండాను, అన్నాను.
ఆ మాటను నా చెవే విన్నది.
నానిన పలక.

డబ్బాల మధ్య కూలబడినాను.
"భయంగా ఉండాదక్కా."
"దేనికి?"
"తెలిస్తే దాని పేరు పెట్టి తిట్టనా!"
అక్క కొంచేపు యోచన చేసింది.
"మా ఆయన పోయినాక నాకూ అట్లే ఉణ్ణింది.
ఆర్నెల్లు నీళ్లు పోసుకునేటప్పుడు
తలుపుకు గడి పెట్టుకోలా" అనింది.
వక్కాకు చుట్టి నా చేతిలో పెట్టింది.
సూపర్వైజరు బూట్ల చప్పుడు వినబడి లేచినాం.

ఉబ్బిన డబ్బాకు మేకుతో చిల్లి కొడితే
ముందు గుజ్జు రాదు, గాలి వస్తుంది.
స్స్...మని, మనం అనుకున్నదానికంటే చాలాసేపు.

ఇప్పుడూ లేస్తాను రాత్రిళ్లు.
కొన్ని రోజులు ఒగసారి, కొన్ని రోజులు పాత లెక్కే.
దప్పిక అని చెప్పడం మాత్రం మానేసినాను.
"మళ్లీ వచ్చింది" అంటాను.
ఏం చెప్పాలో ఆయనకు తెలీదు.
కాలు తెచ్చి నా కాలికి ఆనిస్తాడు,
గుర్రు మొదలుపెడతాడు.
ఆ గుర్రుతో పాటు నేనూ ఊపిరి వదలడం నేర్చుకుంటా ఉండా.

వచ్చే మంగళారం పెద్దాసుపత్రిలో
మేడ మీది డాక్టరమ్మ దగ్గరికి పోతాం, నేనూ అక్కా.
ఆ గది బయట బెంచీ మీద ఎవురూ కూర్చోరంట,
తెలిసినోళ్లు చూస్తారని.
మేం కూర్చుంటాం.
అర్ధ కిలో ఉడకబెట్టిన శెనక్కాయలు తీసకపోతా ఉండాం.