నీరు పల్లమెరుగు

నార్త్ డకోటా. ఏప్రిల్. హాల్వర్ చేలో గుంట,
మంచు కరిగి మోకాలి లోతు.
చట్టంలో ఒక్కటే మాట: తడినేల.
ఎన్నాళ్లు తడిస్తే తడి? రాసినవాళ్లు రాయలేదు.
భోజనాల వేళ అయివుంటుంది.

ఆ ఖాళీలోనే ముప్పయ్యేళ్లు నా ఉద్యోగం.
బర్మా దించి, మట్టి పైకి లాగి
రంగుల పుస్తకం పక్కన పెట్టి చూసేదాన్ని.
ఇరవై ఒక్క రోజులు నిలిస్తే తడి, అన్నాం.
గుంట పందొమ్మిదే నిలిచింది.
దున్నుకో.
పక్షులవాళ్లు దావా వేశారు. కోర్టు తలూపింది:
మాట తేలనప్పుడు ఆఫీసు చెప్పిందే సబబు.

ప్రభుత్వం మారింది. పైనుంచి కాగితం: పద్నాలుగు చాలు.
మట్టి అదే. సంతకం నాదే.
దున్నకు.
కోర్టు మళ్లీ తలూపింది.
హాల్వర్ నన్ను తిట్టలేదు,
ఫ్లాస్కులో కాఫీ సగం నాకు పోశాడు.
అది ఇంకా గొంతు దిగలేదు.

ఇప్పుడు తలూపడం మానేశారు.
కొత్త జడ్జి కళ్లద్దాలు తుడుచుకుని
మూడు నిఘంటువులు తెప్పించాడు.
తడి అంటే ఏమిటో ఇక మేమే చెబుతాం.
అతని బూట్లు చూశాను. అద్దంలా ఉన్నాయి.

బోనులో నేను, జేబులో మట్టి పొట్లం.
ఒక్కసారి వాసన చూడండి, అన్నాను.
దాఖలు కాని సాక్ష్యమట.

నీరు పల్లమెరుగు. నిజం సంగతి
ముప్పయ్యేళ్లు నన్నడిగారు, ఇవాళ ఆయన్నడుగుతున్నారు.
వెనక వరసలో హాల్వర్, టోపీ ఒళ్లో పెట్టుకుని
విత్తనాల గడువుకి ఇంకెన్ని రోజులో
వేళ్ల మీద లెక్కపెడుతున్నాడు.