గోడ మీద పన్నెండు గళ్ళు

పొద్దున ఆరున్నరకి
నీలం టేపుతో గోడ మీద గళ్ళు కట్టాను.
నిలువునా గంటలు, అడ్డంగా గదులు.
మొత్తం పదిహేను.
నడిమి వరసంతా భోజనమని రాసేస్తే
మిగిలిన పన్నెండూ నన్నే చూస్తున్నాయి.

ఓబన్ రేవులో తొలి పడవ ఇంకా కూయలేదు.
హీటరు తాళంచెవి ఎక్కడుందో ఎవరికీ తెలీదు.
డంకన్ కోటు విప్పకుండానే కుర్చీలు సర్దుతున్నాడు.
వరసల్లో కాదు నాయనా, గుండ్రంగా!
వరసలుంటే
ముందొకడు నిలబడి తీరతాడు.

పోయిన నెల ఒక పెద్ద సంస్థ ఫోను చేసింది,
హాలు అద్దె మేం కడతాం
వేదిక మీద అరగంట ఇవ్వమని.
వేదిక లేదన్నాను.
వక్తలెవరంది. వచ్చినవాళ్ళే అన్నాను.
అంశాలేమిటంది. వచ్చాక తెలుస్తాయన్నాను.
అవతల కాసేపు వాన చప్పుడు వినిపించి
లైను తెగింది.
అందుకే టీ నాది,
బిస్కెట్లు ఎవరివి వాళ్ళవి.

వస్తామన్నది అరవై ఒక్కమంది,
వచ్చింది నలభై ముగ్గురు.
మెడల్లోని హోదా పట్టీలు తీయించి
రేవులో అడిగి తెచ్చిన రొయ్యల బుట్టలో వేయించాను.
అందరూ శాకాహారులే, బుట్టలో రొయ్యలే మాయం,
ఆ మాట మన వృత్తిని చూసే పుట్టిందని ఎవరో అంటే
కంప్లయన్స్ నుంచి వచ్చినాయన తప్ప
అందరూ నవ్వారు.

ఇక గోడ.
పదకొండు నిమిషాలు ఎవరూ కదల్లేదు.
రోజూ కోట్లు అటునుంచిటు తోసే చేతులు
పెన్ను మూత తీయడానికి జంకాయి.

చివరికి మార్సలీ లేచింది.
కొండల్లో బ్రాంచీలు మూతబడ్డాక
బ్యాంకు వ్యాను నడిపేది ఆవిడే.
"ఊరికి ఇరవై నిమిషాల బ్యాంకు.
టైమైపోయాక
క్యూలో మిగిలినవాళ్ళ మొహం ఎలా చూడాలి?"
అని రాసి మొదటి గడిలో అంటించింది.

అంతే, గట్టు తెగింది.
"మిషను కాదంది, నేనైతే ఆ అప్పు ఇచ్చేదాన్ని", బియాటా.
"బోనసు పడిన రాత్రి నిద్ర పట్టలేదు", పేరు లేదు.
ఒకే గడి కోసం రెండు చీటీలు కొట్టుకుంటే
మెట్ల కింద నాలుగో గది పుట్టింది.

ఉన్న నియమం ఒక్కటే.
నీకు ఏమీ దొరక్కపోతే, నువ్వు ఇచ్చేదీ లేకపోతే
లేచి పక్కగదికి వెళ్ళిపో.
ఎవరూ ఏమీ అనుకోరు.
అనుకుంటారు. కానీ అనరు.

మూడింటికి టోర్క్విల్.
బీమా కంపెనీలో ఆయుర్దాయాలు లెక్కగట్టే మనిషి.
"మా లెక్క దాటి బతుకుతున్నవాళ్ళు" అని చీటీ.
ఎనిమిది కుర్చీలు. ఆయనొక్కడే.
మెట్ల కింద గదిలో చాలట్లేదంటే
కుర్చీలు పట్టుకుపోదామని వెళ్ళాను.
ఒకటి ఎత్తి,
మళ్ళీ దించి
కూర్చున్నాను.

"టైరీ దీవిలో ఒకావిడ. నూట నాలుగేళ్ళు.
మా పట్టికల ప్రకారం
పద్దెనిమిదేళ్ళ కిందటే పోవాలి.
ఆవిడ బతికిన ప్రతి నెలా మాకు నష్టం.
ఒకటో తారీకున అన్నిటికన్నా ముందు
ఆ పద్దే తెరుస్తాను.
ఉంటే
ఆ రోజు టీలో రెండు చెంచాల చక్కెర."

పేరు చెప్పలేదు, చెప్పకూడదు కూడా.
నేనూ అడగలేదు.
పక్కగదిలో ఎవరో క్రిప్టో గురించి అరుస్తున్నారు.
గోడ పలచన.

నాలుగున్నరకి మల్ పడవ కూసింది.
సగంమంది వాక్యం మధ్యలోనే పరుగెత్తారు.
పట్టీలు కొన్ని బుట్టలోనే మిగిలాయి,
ఒక ఉపాధ్యక్షుడు, ఇద్దరు డైరెక్టర్లు.
టేపు లాగితే గోడ రంగు కూడా ఊడొచ్చింది.
డిపాజిట్టు నలభై పౌండ్లు గోవిందా.
రాత్రి చిట్టాలో ఖర్చు వైపు అన్నీ రాసి
జమ వైపు ఏం రాయాలో తోచక
టీ పెట్టుకున్నాను.

తొమ్మిదింటికి డంకన్ ఫోను.
హీటరు తాళంచెవి
పొద్దుట్నుంచీ వాడి కోటు జేబులోనే ఉందట.