తోడు చుక్క

పదకొండో నంబరు గది. రెండు తలుపులు.
మొదటిది మూసుకుంటే గాని రెండోది తెరుచుకోదు.
వచ్చేవాళ్లు మోచేతుల దాకా కడుక్కుని
పసుపు ఏప్రన్ కట్టుకుని వస్తారు.
ఇంత మడి మా నాయనమ్మ కూడా పాటించలేదు.

నొప్పి ఉన్నా బాగుండేది.
పిప్పిపన్ను సైతం రాత్రంతా కూర్చోబెడుతుంది.
ఎముకల్లో మూలుగ ఎండిపోతుంటే
ఒక్క మూలుగైనా వినపడలేదు.
తొడ మీద ఎప్పుడు తగిలిందో తెలియని నీలం,
పళ్లు తోముతుంటే బేసిన్‌లో ఎరుపు,
గేట్స్‌హెడ్ బడిలో తొమ్మిదో తరగతికి
కరెంటు పాఠం చెబుతూ చెబుతూ
బోర్డు పట్టుకుని నిలబడిపోవడం.
అది రాసిన ఉత్తరాలు ఇంతే.

డాక్టర్ ఐలీ నిలబడే చెప్పింది:
నీ కాపలావాళ్లే నీ మూలుగను కొడుతున్నారు.
ఎవరనుకుని కొడుతున్నారో తెలీదు.
పేగుల్లో కాపురముండే ఏదో సూక్ష్మజీవి పోలిక
అక్కడ కనపడి ఉండొచ్చు.
కావచ్చు. ఇంకా తేలలేదు.

పిల్లలు జవాబులో "కావచ్చు" అని రాస్తే
అర మార్కు కోసేదాన్ని.
ఇప్పుడా మాటని దిండు కింద పెట్టుకుని పడుకుంటున్నాను.

మంగళవారం టామ్సిన్ వచ్చింది,
పరిశోధన వాళ్ల తెల్ల డబ్బా పట్టుకుని.
అందులో ఏం ఇవ్వాలో చెప్పేటప్పుడు
ఆ పిల్ల చెవులు ఎర్రబడ్డాయి.
పదిహేను చోట్ల సంతకం పెట్టాను.
నలభై మూడేళ్లుగా అద్దె కట్టకుండా ఉంటున్నవాళ్ల
మొదటి జనాభా లెక్క.
తప్పు చేసినవాణ్ణి కడుపులో పెట్టుకోమంటారు మనవాళ్లు.
కడుపులో పెట్టుకున్నవాళ్లే తప్పు చేస్తే
ఎక్కడ పెట్టుకోవాలో ఎవరూ చెప్పలేదు.

తినకూడని వాటి కాగితం గోడకి అతికించారు.
పచ్చి కూరలు, బూజు చీజు, పెరుగు.
పెరుగు!
రోజూ రాత్రి కంచం
క్రియ లేని వాక్యంలా ఆగిపోతుంది.

ఫణీంద్ర ఇల్లంతా బ్లీచ్‌తో తుడిచాడు.
పన్నెండేళ్ల కిందట వాల్‌సెండ్‌లో
ఒక గుజరాతీ అమ్మని అడిగి తెచ్చుకున్న తోడు,
గిన్నెలు మారినా, పాలు మారినా,
రెండు ఇళ్లు మారినా మారని తోడు,
సింకులో పోసి వేడినీళ్లు వదిలాడు.
"ఇంట్లో ఒక్క క్రిమి లేదు" అన్నాడు ఫోన్‌లో,
యుద్ధం గెలిచినవాడి గొంతుతో.
నేను బాగుందన్నాను.

నాలుగు రోజులు గుర్రం నెత్తుట్లోంచి తీసిన మందు ఎక్కించారు.
చలి, వణుకు, ఒళ్లంతా దద్దుర్లు.
ఏ గుర్రమో, ఏ పచ్చికలో ఉందో,
దాని పేరు అడగాలనిపించింది.

ఫణీంద్ర టైన్ వంతెన వీడియో పంపాడు.
సముద్రం వదిలి వచ్చి ఇనప దూలాల మీద
కాపురం పెట్టే కిట్టివేక్ పిట్టలు.
పేవ్‌మెంటు నిండా రెట్టలు, చేపల కంపు,
గొట్టంతో కడుగుతూ తిట్టుకునే మనిషి.
వలలు కట్టాలనేవాళ్లు కొందరు,
గూళ్లకి చోటు వదలాలనేవాళ్లు కొందరు.
ఊరింకా తేల్చుకోలేదు.
నేనూ తేల్చుకోలేదు.

శుక్రవారం లెక్క: సున్నా పాయింట్ ఒకటి
సున్నా పాయింట్ రెండయింది.
మందు వల్లా, ఊరికేనా?
ఐలీ భుజాలెగరేసింది. ఆవిడలో నాకు నచ్చింది అదే.

సాయంత్రం పక్కింటి మౌరీన్ ఫోన్ చేసింది.
ముప్ఫై ఏళ్లు బస్సు నడిపిన మనిషి,
గుసగుస కూడా హారన్‌లా ఉంటుంది.
నిరుడు నేనిచ్చిన చెంచాడు
ఇంకా బతికే ఉందట,
బాయిలర్ అల్మారాలో, టవల్ చుట్టుకుని.
ఇవాళ గడ్డగా తోడుకుందట.
స్ట్రాబెర్రీ జాం కలుపుకుని తింటుందట, ఖర్మ.

మా భాషలో దానికీ, పక్కనుండే మనిషికీ
ఒకటే పేరని చెప్పాను.
వినపడలేదో ఏమో, "పడుకో, పెట్" అంది.

మౌరీన్, ఫోన్ పెట్టేయకు.
అది నాకు మంచిదో కాదో ఇంకా తెలీదు.
అయినా గిన్నె కడిగేయకు.
అడుగున ఒక్క చెంచా ఉంచు.